అవధానము నిలువని బిడ్డలు

మావారు బడిపంతులు. సాయంకాలమున మాయింటి యరుగుమీద పదిపండ్రెండుమంది బిడ్డలు చదువుకొనుటకు వత్తురు. మూడేండ్లక్రిందట వారిలో ఏడేండ్ల బాలు డొకడుండెను. వాడు కుదురుగ కూర్చుండిన క్షణము లేదు. స్తంభమును పట్టుకొని గిరగిర తిరుగును. పక్కవాని పుస్తకముపై గీత గీయును. ప్రశ్న ముగియకమున్నే జవాబు చెప్పును. వీథిలో బండి పోయిన చాలు, లేచి పరుగెత్తును. వాని తల్లి యొకనాడు వచ్చి, "పంతులుగారూ, వీనిని వీపు చిట్లునట్లు కొట్టుడు. నే నేమియు ననుకొనను" అని కన్నీరు పెట్టుకొనెను. మావా రామెను కూర్చుండుమని, "అమ్మా, పదునాలుగేండ్లుగా పిల్లలతోనే యున్నాను. కావలెనని యల్లరి చేయువాడు, నేను చూచుచున్నానా లేదా యని ముందు నా మొగము చూచును. మీవాడు చూడడు. వాని చేయి వానికి తెలియకుండగనే పోవుచున్నది. ఒకసారి వైద్యునికి చూపింపుడు" అని చెప్పిరి.

ఆ మాటలు నేను తలుపుచాటున వింటిని. విని, మావారి సూక్ష్మదృష్టికి లోలోన సంతోషించితిని. సరిగా అదే సమయమున మా రెండవకూతురు, అప్పటి కెనిమిదేండ్లది, లోపలిగదిలో లెక్కలపుస్తకము ముందుంచుకొని, కిటికీలోనుండి గోడమీది కాకిని జూచుచు, అరగంటనుండి యొక్క లెక్కయైనను చేయక కూర్చుండియున్నది. దానిని మే మిరువురమును గమనింపలేదు. ఆ సంగతి తరువాత చెప్పెదను.

సోదరీమణులారా! ఆ బాలునకు గల యిబ్బందిని వైద్యులు అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ అందురు. పొడియక్షరములలో ఏ.డి.హెచ్.డి. తెలుగున అవధానలోపము, అతిచాంచల్యము అని చెప్పుకొనవచ్చును. అవధానమనుమాట మనకు క్రొత్తది కాదుగదా. అష్టావధానసభను జూచినవా రెఱుగుదురు. ఒక పృచ్ఛకుడు సమస్య నిచ్చును, ఒకడు దత్తపది నిచ్చును, ఒకడు అక్షరమును నిషేధించును, వేఱొకడు గంట కొట్టుచుండును. అప్రస్తుతప్రసంగికి మాత్రము అవధాని ధ్యాసను చెడగొట్టుటయే పని. అవధాని వానికి నవ్వుచు బదులిచ్చి, విడిచిన పాదమునొద్దకు మరల వచ్చును. ఈ బిడ్డల తలలో నా అప్రస్తుతప్రసంగియే యధ్యక్షుడై కూర్చున్నట్లుండును. కాకి యఱచినను, పొరుగింట కుక్కరు కూసినను, నిన్నటి యాట జ్ఞప్తికి వచ్చినను, పిలిచినవారి వెంట మనస్సు పోవును. మరలి వచ్చుట వారికి సులభము కాదు.

"సెల్‌ఫోను చేతి కిచ్చిన రెండుగంటలు కదలడు. చదువనగానే ధ్యాస లేదా? అంతయు దొంగవేషము" అని మనలో పెక్కండ్రందురు. నేనును అంటిని. ఫోనులోని బొమ్మ క్షణక్షణము మాఱుచు, రంగును, శబ్దమును, గెలుపును వెంటవెంట నిచ్చుచు, బిడ్డ ధ్యాసను తానే పట్టియుంచును. లెక్కలపుస్తక మట్టి సాయము చేయదు. అక్కడ బిడ్డయే తన ధ్యాసను పట్టి నిలుపుకొనవలెను. ఆ పగ్గమే వీరిచేత సరిగా లేదు. కావున ఫోను చూచుటను బట్టి బిడ్డకు లోపము లేదని తీర్మానింపరాదు.

అట్లని యల్లరియంతయు వ్యాధి యని నా యభిప్రాయము కాదు. భాగవతము చదివినవారు గోపికలు యశోదతో చెప్పుకొన్న ఫిర్యాదులను తలచుకొనుడు. ఉట్టి యెత్తున నున్నచో పీటలు ఱోళ్లు చేర్చి యెక్కుట, వేళగాని వేళ లేగలను విడిచి యిల్లాలి నటు పరుగెత్తించుట, ఇవి ముందుచూపుతో, ఓపికతో చేసిన పనులు. అట్టి బిడ్డ యల్లరివాడే గాని యవధానము లేనివాడు కాడు. అవధానము నిలువని బిడ్డ ఉట్టి కొఱకు పీట తెచ్చుచు, దారిలో పిల్లిని జూచి, పీటను గడపలో పడవేసి పోవును. అత్తగారు దానిని తన్నుకొని పడిన తరువాత "నే నెక్కడ పెట్టితిని?" అని నిజముగనే యాశ్చర్యపడును.

ఇంటిలో మనకు కనబడు గుర్తులను చెప్పెదను. పూలు కోసికొని రమ్మన్న, బుట్టను తులసికోటపై నుంచి మఱచిపోవుట. ఎదుట నిలిచి చెప్పినను విననట్లుండుట. చెప్పిన మూడుపనులలో మొదటిది మాత్రమే చేయుట. లెక్క తెలిసియు, కూడిక గుర్తును తీసివేతగా జూచి తప్పుచేయుట. పెన్సిళ్లు, గొడుగు, క్యారేజి మూత, ఒక కాలి మేజోడు, వరుసగా పోగొట్టుట. కూర్చుండి చేయవలసిన వ్రాతపని యనగానే కడుపునొప్పి, దాహము, నిద్ర యన్నియు నొక్కసారి వచ్చుట. ఇవి అవధానలోపపు గుర్తులు. చాంచల్యపు గుర్తులు మఱింత స్పష్టములు. పంక్తిలో కూర్చుండిన కాళ్లు చేతులు ఆడుచుండుట, సగమన్నములో రెండుసార్లు లేచుట, ఎక్కరాని గోడ లెక్కుట, లోపల యంత్ర మేదియో తిరుగుచున్నట్లు విశ్రాంతి లేకుండుట, వంతు వచ్చువఱకు నిలువలేకుండుట, పెద్దల మాటల నడుమ దూఱుట. కొందఱు బిడ్డలలో మొదటివి మాత్రమే, కొందఱిలో రెండవవి మాత్రమే, పెక్కండ్రిలో రెండును కలిసి యుండును.

ఈ గుర్తులలో రెండుమూడు లేని బిడ్డ లోకమున లేడు. మూడేండ్ల బిడ్డ లందఱు నిట్లే యుందురు. మఱి యెప్పుడు శంకింపవలెను? అమెరికా మనోవైద్యసంఘమువారు 2013లో ప్రకటించిన లక్షణగ్రంథమున దీనికి కొలత గలదు. అవధానలోపమునకు తొమ్మిది, చాంచల్యమునకు తొందరపాటునకు కలిపి తొమ్మిది గుర్తులు చెప్పిరి. పదునాఱేండ్లవఱకు గల బిడ్డలలో ఏదేని యొక తెగలో ఆఱు గుర్తులకు తక్కువ గాకుండ ఉండవలెను. అవి యాఱునెలలైనను విడువక యుండవలెను. పండ్రెండేండ్లు నిండకమున్నే కొన్ని కనబడియుండవలెను. ఇంటిలోను బడిలోను, ఇట్లు రెండు తావులలోనైనను కనబడవలెను. చదువునకో, స్నేహములకో, ఇంటి శాంతికో వానివలన నష్టము కలుగుచుండవలెను. బడిలో బుద్ధిమంతుడై యింట మాత్రమే వీరంగము వేయువానికి కారణము వేఱు. మామగారి గారాబమున వెదకిన దొరకవచ్చును. ఇంట చక్కగా నుండి యొక్క బడిలోనే చెడుచున్నవానికి ఆ బడిలో నేమి జరుగుచున్నదో ముందు కనుగొనవలెను.

ఇది నేటి చదువుల బరువువలన పుట్టిన క్రొత్తవ్యాధి యని కొందఱందురు. 1840ల దశాబ్దమున జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున హైన్రిక్ హాఫ్మన్ అను వైద్యుడు, తన మూడేండ్ల కుమారునకు తగిన బొమ్మలపుస్తక మంగడిలో దొరకక, తానే యొకటి వ్రాసి బొమ్మలు గీసెను. తరువాతి ముద్రణములలో చేర్చిన కథలలో ఫిలిప్పు అను బాలుడు భోజనవేళ కుర్చీ నూపియూపి, బల్లగుడ్డతో గూడ నన్నిటిని మీద వేసికొనును. హాన్సు అను బాలు డాకాశమును జూచుచు నడచి యేటిలో పడును. ఇద్దఱును మనయిండ్లలోని బిడ్డలే. 1902లో లండనునగరమున, రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ సభలో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు మూడుపన్యాసములలో ఇట్టి బిడ్డలను వర్ణించెను. బుద్ధి చక్కగ నున్నను నిగ్రహము నిలువని బిడ్డలు గలరనియు, దానికి పెంపకమే కారణమనరాదనియు నాతడు గుర్తించెను. నేటి పేరు 1987లో వచ్చినది. పేరు వచ్చుటకు ముందు దెబ్బలు తిన్నబిడ్డల లెక్క యెవరును వ్రాయలేదు.

కారణమేమని యడిగిన, మొదట మనకు చూపబడునది తల్లి. "నీ పెంపక మట్లున్నది" అనుమాట వినని తల్లి లేదు. కవలపిల్లలను పరిశీలించినవారు, ఈ విషయమున బిడ్డకును బిడ్డకును గల భేదములో సుమారు ముప్పాతికవంతు వంశమునుండి వచ్చునదే యని తేల్చిరి. నెలలు నిండక పుట్టుట, పుట్టినప్పుడు బరువు తక్కువగుట, సీసము శరీరమున చేరుట, ఇవియు అపాయమును పెంచును. అమెరికా జాతీయ మానసికారోగ్యసంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, మెదడు పైపొర పరిపక్వమగుట సామాన్యబిడ్డలలో సుమారు ఏడున్నరయేండ్లకు కాగా, వీరిలో పదిన్నరయేండ్లకు జరుగుచున్నట్లు కనుగొనిరి. అనగా క్రమ మదియే, మూడేండ్ల యాలస్యము. మనము తొమ్మిదేండ్ల బిడ్డను జూచి తొమ్మిదేండ్ల నిగ్రహ మడుగుదుము. నిగ్రహము మాత్రము చిన్నవాని దగుటచే బిడ్డ యీయలేడు.

తీపివలన అల్లరి హెచ్చునని మా అత్తగారి నమ్మకము. పెద్దలు బాధపడకుందురు గాక, ఒక సంగతి చెప్పకతప్పదు. 1994లో అమెరికాలో ఇద్దఱు పరిశోధకులు, తీపికి చెడుదురని పేరుపడిన బాలుర తల్లులను రప్పించి, మీ బిడ్డలకు చక్కెర పెట్టితిమని కొందఱు తల్లులతో చెప్పిరి. నిజమునకు పెట్టినది చక్కెర కాదు, దాని రుచిగల వేఱొక పదార్థము. అయినను ఆ తల్లులు తమ బిడ్డల చాంచల్యము హెచ్చినదని చెప్పిరి. బిడ్డల వెన్నంటి యుండి, వారిని తప్పుపట్టుటయు నెక్కువ చేసిరట. ఈ సంగతి చదివి నేను చాలసేపు నవ్వితిని, పిమ్మట నవ్వలేకపోతిని. అరిసెలు పెట్టక దాచిన సంక్రాంతు లెన్ని!

ఇక మా రెండవదాని సంగతి. అది గోడ లెక్కలేదు, ఎవ్వరిని కొట్టలేదు, తరగతిలో నోరు విప్పలేదు. పిలిచిన మూడవసారికి "ఆ, అమ్మా?" యనెడిది. బడినుండి వచ్చిన పత్రములలో "బుద్ధిమంతురాలు, శ్రద్ధ చాలదు" అని యుండెడిది. మా అత్తగారు ముద్దుగనే "మొద్దు" అనిరి. ఆడబడుచు పిల్లలును అదే పేర పిలిచిరి. నేనో, విద్యావంతురాలనని యహంకారము గలదానను. ఒకనాడు ఏడవయెక్కము పదియవసారి తప్పినప్పుడు పప్పుగుత్తితో వ్రేళ్లపై కొట్టితిని. అది యేడ్వలేదు. "ఇంకొకసారి చదివెదనమ్మా" అన్నది. ఆ మఱునాడు దాని పుస్తకములు సర్దుచు, నోటుబుక్కు చివరి పుటలో, పైనుండి క్రిందివఱకు "నేను మొద్దును, నేను మొద్దును" అని వ్రాసియుండుట చూచితిని. ఆ పుటలో అక్షరదోష మొక్కటియు లేదు.

ఆ పుటను మావారికి చూపితిని. అరుగుమీది బాలుని నొక్కచూపున కనుగొన్న పంతులుగారు చాలసేపు మాటలాడలేకపోయిరి. తరువాతనే తెలిసికొంటిమి: ఆడుబిడ్డలలో ఈ యిబ్బంది తఱచు పగటికలలవలె, మఱపువలె, మౌనమువలె నుండుటచే, కుర్చీ విఱుగగొట్టు బాలునివలె నెవ్వరి కంటను పడదు. ఆసుపత్రులకు వచ్చువారిలో బాలు రెక్కువ. బయట లెక్కించిచూచిన, బాలు రిద్దఱికి బాలిక యొకతె చొప్పున నుందురు. ప్రపంచమున నూర్గురు బిడ్డలలో సుమారు ఐదుగురి కిది యుండునని యంచనా. నలువదిమంది గల తరగతిలో ఇద్దఱు. ఆ యిద్దఱిలో నొక్కతె బాలికయైన, ఆమెను వెదకి పట్టుకొనవలసినదే గాని, ఆమెయే ముందుకు రాదు.

వైద్యుని యొద్దకు పోవుటకు మున్నొకమాట. ఇట్లే కనబడు ఇతర కారణములు పెక్కు గలవు. చెవి సరిగా వినబడని బిడ్డయు పలుకదు. కన్ను సరిగా కనబడని బిడ్డయు నల్లబల్లమీది లెక్క తప్పు దించును. ముక్కువెనుక కండ పెరిగి రాత్రి గుఱకపెట్టు బిడ్డ నిద్ర చాలక పగలు చికాకుపడును. రక్తహీనత, థైరాయిడు దోషము, ఇంటిలోని కలహము, దుఃఖము, ఇవియు ధ్యాసను చెఱచును. ముఖ్యముగ నొకటి: కొందఱు బిడ్డలు మాటలాడుచు మాటలాడుచు పదిసెకండ్లపాటు ఱెప్ప లల్లార్చుచు శూన్యముగ చూచి, మరల నేమియు జరుగనట్లుందురు. పగటికల కనుచున్న బిడ్డ భుజముపై చేయి వేసిన తిరిగిచూచును. ఈ బిడ్డ యా పదిసెకండ్లు తిరుగడు. అది యొకవిధమగు మూర్ఛ, దాని చికిత్స వేఱు, ఆలస్యము చేయరాదు. ఇంకొక చిత్రము గలదు. ఒకే తరగతిలో వయస్సున కడపటివారుగా నున్న బిడ్డలకు ఈ పేరు ఎక్కువగ పడుచున్నదని పెక్కుదేశములలో చూచిరి. వయస్సు చాలకమున్నే బడిలో వేసి, పక్కవానికంటె పది నెలల చిన్నవానిని వానితో పోల్చి యేడ్చు తల్లులు మనలో లేరా?

దీనిని తెలుపు రక్తపరీక్ష లేదు, మెదడు పటము తీసినను తేలదు. వైద్యుడు తల్లిదండ్రులను విచారించును, ఉపాధ్యాయుల కొక ప్రశ్నపత్రము పంపును, బిడ్డతో మాటలాడును. కావున ఒక చిన్న పుస్తకమున రెండుమూడు వారములు, ఏనాడు ఏమి జరిగినదో తేదీతో వ్రాసికొని పోవుట మేలు. 2013లో కేంద్రప్రభుత్వ మారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, పదునెనిమిదేండ్లవఱకు గల బిడ్డలను పరీక్షించుటకును, లోపము తోచినవారిని జిల్లా సత్వర చికిత్సాకేంద్రమునకు పంపుటకును ఏర్పాటు గలదు. శిశువైద్యుని యొద్ద మొదలుపెట్టినను చాలును.

మమ్ము విచారించిన వైద్యురాలు, "కుటుంబమున నిట్టివా రెవరైన గలరా?" యని యడిగిరి. మా అత్తగారు "మా వంశమున లేరు" అని ఖండితముగ చెప్పిరి. నేను నేల చూచితిని. నన్ను మూడవతరగతినుండి బడి మాన్పించిరి. బల్లమీద నిలువదు, చెప్పినది చెవి కెక్కదు, ఇది చదువునకు రాదని పంతులమ్మ చెప్పెను. మా నాయనగా రొప్పుకొనక, తెల్లవాఱుజామున కొబ్బరితోటలో నాతో నడచుచు, నడచుచునే అమరమును, రఘువంశమును, వసుచరిత్రమును చెప్పిరి. నడచుచు విన్నది నాకు నిలిచినది. కూర్చుండిన నిలువలేదు. నా కేమి యుండెనో ఇప్పుడు తేల్చువారు లేరు. ఆ బాలికయే పెరిగి, తన బిడ్డను పప్పుగుత్తితో కొట్టినదని మాత్రము వైద్యురాలితో చెప్పుకొంటిని.

చికిత్స మాట కొంచెము చెప్పవలెను, ఏలయన భయము లధికముగ నున్నవి. నాలుగైదేండ్ల బిడ్డలకు ముందు మందు కాదు, తల్లిదండ్రులకే శిక్షణ. ఆఱేండ్లు దాటినవారికి ఆ శిక్షణతోపాటు, వలసినచో మందు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండున చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు ముప్పదిమంది బిడ్డలకు బెంజిడ్రిన్ అను మందిచ్చి చూడగా, సుమారు సగముమంది చదువున నాశ్చర్యకరముగ కుదురుకొనిరి. బిడ్డలే వానికి లెక్కలమాత్రలని పేరుపెట్టిరట. నేడు హెచ్చుగ వాడు మిథైల్‌ఫెనిడేటును 1944లో స్విట్జర్లాండున లియాండ్రో పానిజ్జోను తయారుచేసి, భార్యయగు రీటా పేర రిటాలిన్ అని పిలిచెను. ఇది నిద్రపుచ్చు మందు కాదు, జడుని చేయు మందు కాదు. ఆకలి తగ్గుట, నిద్ర యాలస్యమగుట కలదు గనుక, వైద్యుడు బరువును, ఎత్తును, నాడిని చూచుచుండును. నిపుణుని చీటి లేక కొనరాదు. పొరుగింటి బిడ్డ మాత్ర నడిగి తెచ్చి వేయరాదు.

ఇంటిలో చేయునది మందుకంటె శ్రమ. మేము మూడుపనులు కలిపి చెప్పుట మానితిమి. దగ్గఱకు పోయి, పేరు పిలిచి, కన్ను కలిసిన తరువాత నొక్కపని చెప్పుదుము. పది నిమిషములు చదువు, రెండు నిమిషములు పెరటిలో పరుగు. ప్రొద్దుట చేయవలసిన వానిని బొమ్మలుగ గీసి తలుపునకు అంటించితిని. చేసినదానిని వెంటనే మెచ్చుకొందుము, సాయంకాలమువఱకు దాచిన ఆ మెప్పు దాని కందదు. ఎక్కములు నడచుచు వల్లించును, మా నాయనగారి పద్ధతియే. బడిలో కిటికీప్రక్కనుండి ముందుబల్లకు మార్చిరి. తప్పులు పోలేదు. ఈ వానకాలమున రెండు గొడుగులు పోయినవి. క్రిందటి యేడు ఐదు. "మొద్దు" అనుమాట మాయింట మా అత్తగారే నిషేధించిరి. ఎవరైన నోరు జాఱిన రూపాయి జరిమానా. ఎక్కువ జరిమానా చెల్లించినవా రామెయే.

నిన్న మావారు బడినుండి ఆలస్యముగ వచ్చిరి. కాళ్లు కడుగుకొనుచు, చివరిబల్లమీద ఎప్పుడును మాటలాడక కూర్చుండు బాలిక తల్లికి కబురు పంపితిననియు, ఆమె యాదివారము వచ్చుననియు చెప్పిరి. "ఆమెతో మొదట నీవు మాటలాడుము" అనిరి.